చిన్న గీతకు పెద్ద చికిత్స ఏల?

మోటారు సైకిళ్లు ఇరుకు సందులలో కార్లను రాచుకొనుచు పోవుట నిత్యకృత్యమైన మన నగరములలో, తలుపుమీద వెంట్రుకవాసి గీత కనబడినంతనే మనసు చివుక్కుమని, మరునాడే వాహనమును టింకరింగు షెడ్డుకు తోలుకొనిపోయి ఆ తలుపంతటికిని కొత్త రంగు వేయించు గృహస్థులు అనేకులు కలరు. ఆ బాధ సహజమే. ఏండ్ల తరబడి వాయిదాలు కట్టి కొనుక్కొన్న వస్తువుమీద గాటు పడినచో ఎవరికి కష్టముగా నుండదు? అయినను, ఆ తొందరపాటు కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడిన చందముగా పరిణమించుచున్నదని నా దృఢవిశ్వాసము.

కర్మాగారమునుండి వెలువడిన కారుమీది రంగు ఒక్క పూత కాదు. ఉక్కు రేకుతో చేసిన కాయమును విద్యుత్ప్రవాహము గల ద్రావణములో ముంచి, తుప్పునుండి రక్షించు అడుగు పూతను పట్టించి, దానిమీద ప్రైమరును, ఆపైన అసలు రంగును, అన్నింటికిని మీద పారదర్శకమైన క్లియర్ కోటును వేసి, పై పూతలను సుమారు 140 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చుదురు. ఇన్నియును కలిపి సాధారణముగా 100 నుండి 150 మైక్రాన్ల మందము మాత్రమే. అందు క్లియర్ కోటు పాలు 40 మైక్రాన్ల ప్రాంతము, అనగా తలవెంట్రుక మందమునకు లోపే. షెడ్డుకు వచ్చిన కారులో సీట్లు, వైర్లు, ప్లాస్టికు సామగ్రి బిగించియే యుండును గనుక అంతటి వేడి పెట్టుటకు వీలులేదు. మంచి పెయింటు బూతులోనైనను 60 డిగ్రీల ప్రాంతముతో సరిపెట్టుకొందురు, చిన్న షెడ్డులలో గాలికే ఆరవిడుతురు. లప్పము పెట్టుటకై ఒకమారు గీకివేసిన కర్మాగారపు పూతను మరల తెచ్చుట ఎవరి తరమును కాదు. పైగా రేపు ఆ కారును అమ్మబోయినప్పుడు, రంగు మారిన తలుపును చూచి కొనువాడు ప్రమాదమును శంకించును.

కావున మొదట గీత లోతెంతయో తెలిసికొనవలెను. ఆ తావును శుభ్రముగా కడిగి, తడిగా ఉన్నప్పుడు చూడుడు. తడిలో మాయమై ఆరగానే మరల కనబడు గీత క్లియర్ కోటును దాటలేదని గ్రహింపవచ్చును. గోటిని అడ్డముగా పోనిచ్చినప్పుడు తగులుకొననిచో అది ఇంటిలో బాగుపడదగినదే. బంపరుమీద తెల్లగా కనబడు గీరు పెక్కుమార్లు గీతయే కాదు. అది రాచుకొన్న గోడ సున్నమో, ఎదుటి వాహనపు రంగో అంటుకొన్నది మాత్రమే.

ఇక రుద్దుటలోని కీలకమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. రబ్బింగు కాంపౌండు గీతను పూడ్చదు. గీతకు ఇరువైపుల నున్న క్లియర్ కోటును కొంచెముగా అరగదీసి, అంచుల వాడిని తగ్గించి, వెలుతురు సమముగా ప్రతిఫలించునట్లు చేయును. అనగా ప్రతి రుద్దుటలోను ఆ పలుచని కవచము కొంత కరగిపోవుచునే యుండును. అందుచేత నీడలో, రేకు చల్లబడిన పిమ్మట, మెత్తని మైక్రోఫైబరు గుడ్డతో జానెడు మేర మాత్రమే తేలికగా రుద్ది, తుడిచి చూచి, అవసరమైనచో మరొక్కమారు రుద్ది, ఆపై సన్నని పాలిషు, చివరకు మైనము పట్టింపవలెను. తలుపు అంచులవద్ద, రేకు మడతలవద్ద పూత మరింత పలుచన గనుక అచట చేయి మరీ తేలికగా నుండవలెను. పండ్లు తోముకొను పేస్టును వాడుమని చెప్పువారి మాట వినకుడు. అదియు అరగదీయునదే, అందలి గరుకు కారు రంగునకై కొలిచి కలిపినది కాదు. గిన్నెలు తోము పీచును దరికి రానీయరాదు.

అసలు, మన కార్లమీది గీతలలో పెక్కింటికి కారణము ఎదుటి వాహనము కాదు, ప్రతి ఉదయము మనము చేయించు పొడి తుడుపే. అపార్టుమెంటులలో తెల్లవారుజామున ఒకే పాత గుడ్డతో వరుసగా కార్లన్నింటిని తుడుచుచుందురు. రాత్రి పడిన దుమ్ములోని ఇసుక రేణువులు క్లియర్ కోటుకంటె ఎంతో కఠినమైనవి. గుడ్డ క్రింద అవి దొర్లినంత మేర సన్నని గీతలు పడును. నల్ల కారు బానెట్టును ఎండలో పరికించినచో దీపపు వెలుగు చుట్టును వలయములు తిరిగినట్లు అవి స్పష్టముగా కనబడును. ఇందు తుడుచువాని దోషము లేదు. అతనికి రెండు బక్కెట్ల నీళ్లు, శుభ్రమైన మెత్తని గుడ్డ, కొంత వ్యవధి ఇయ్యవలసినది యజమానియే.

బీమా ఉన్నదిగదా యని ధైర్యపడుటయు మేలు కాదు. క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతముతో ఆరంభమై, ఐదేండ్లకు 50 శాతమునకు చేరు నో క్లెయిమ్ బోనసు ఒక్క గీతకై క్లెయిము చేసినచో చేజారును.

రేకు బయటపడినచో మాత్రము తుప్పు పట్టకముందే టచప్ రంగు వేయింపుడు, సొట్ట పడినచో షెడ్డుకు పొండు. తక్కిన గీతల విషయమున కారు యజమానులకు నా విన్నపము ఇది: రెండు మూడు మార్లు రుద్దినను పోని గీతను అట్లే ఉండనిండు, దానికొరకు తలుపంతటికిని కొత్త రంగు వేయింపకుడు.