సాయం ఇచ్చేటప్పుడే షరతు రాయించాలి

వర్క్ అండ్ ఇన్‌కమ్ నుంచి మన ఖాతాలో వంద డాలర్లు ఎక్కువ పడితే అది బాకీ. తిరిగి కట్టాల్సిందే. మరి పెద్ద కంపెనీకి ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము?

2013 ఆగస్టులో టివాయ్ పాయింట్ అల్యూమినియం స్మెల్టర్‌కి ప్రభుత్వం 3 కోట్ల డాలర్లు ఇచ్చింది. అందుకు కంపెనీ కనీసం 2017 జనవరి దాకా నడుపుతామంది. ఆ గడువు దాటాక, 2020 జూలైలో మూసేస్తామని ప్రకటించింది. సౌత్‌లాండ్ కుటుంబాలు బిక్కుబిక్కుమంటూ గడిపాయి. చివరికి కరెంటు బేరం కుదిరాకే మూసివేత ఆగింది. ఇదేమీ అక్రమం కాదు. ఒప్పందంలో రాసుకున్నదే అంత.

యూరప్‌లో చట్టం వేరు. అనుమతి లేని రాయితీని వడ్డీతో సహా రాబట్టాలి. ఆల్కోవా అల్యూమినియం కంపెనీకిచ్చిన కరెంటు రాయితీని వెనక్కి తీసుకోమని 2009లో యూరోపియన్ కమిషన్ ఇటలీని ఆదేశించింది. కంపెనీ కోర్టుకెళ్ళి 2014లో ఓడిపోయింది. కానీ ఈలోగా, 2012లోనే, సార్డీనియాలోని పోర్టోవెస్మే ప్లాంటులో ఉత్పత్తి ఆగిపోయింది. తీర్పు వచ్చేసరికి పనివాళ్ళు రోడ్డున పడ్డారు.

బీకాం చదివిన నాకు అర్థమైంది ఇదే: వసూలు కోర్టులో కాదు, ఒప్పందంలోనే మొదలవ్వాలి. ఉద్యోగాలు తీసేస్తే సొమ్ము వాపసు. లెక్కలో కాంట్రాక్టు, లేబర్ హైర్ వాళ్ళూ ఉండాలి.

స్కాఫోల్డింగ్ ఎక్కే అన్నలూ, ఇళ్ళలో పనిచేసే అక్కలూ, పాల సీసా మీద కూడా 15 శాతం జీఎస్టీ కడుతున్నాం. అది మన సొమ్మే. ఈసారి ఏ కంపెనీకి సాయం ప్రకటించినా మీ యూనియన్‌ని, మీ ఎంపీని ఒక్కటే అడగండి: "మా షరతు ఏదీ?"