ఆరుగురు కొడుకులు, గుర్తులేని పెళ్ళి

రెండో ప్రపంచ యుద్ధకాలపు హాలీవుడ్ కామెడీల ప్రస్తావన వస్తే చాలు, సినిమా ప్రియులు ఒకటే పాట పాడతారు: ఆ రోజుల్లో ఊరంతా ఒక్క కుటుంబంలా ఉండేదని, కష్టాల్లో కూడా అందరూ కలిసి నవ్వుకున్నారని. అందరూ అంటే ఎవరు?

ప్రెస్టన్ స్టర్జెస్ తీసిన ‘ది మిరకిల్ ఆఫ్ మోర్గన్స్ క్రీక్’ 1944లో విడుదలైంది. 2001లో దాన్ని అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీలో కూడా చేర్చారు. అందులో ట్రూడీ అనే చిన్న ఊరి అమ్మాయి, యుద్ధానికి పోతున్న సైనికుల వీడ్కోలు విందుకి తండ్రి కళ్ళుగప్పి వెళ్తుంది. తెల్లారేసరికి ఎవరినో పెళ్ళి చేసుకున్నట్టు లీలగా గుర్తు. అతని మొహం గుర్తులేదు, పేరు సరిగా గుర్తులేదు. తర్వాత గర్భవతినని తెలుస్తుంది. స్పృహ సరిగా లేని ఆ రాత్రి ఆమెకేం జరిగిందని సినిమాలో ఎవరికీ పట్టదు. పరువెలా నిలబెట్టాలన్నదే అందరి బెంగా. చివరికి ఒకే కాన్పులో ఆరుగురు పిల్లలు, ఆరుగురూ మగపిల్లలే! వెంటనే గవర్నరు కలగజేసుకుని పాత పెళ్ళి చెల్లదంటాడు. ఆమెని ఎప్పట్నుంచో ప్రేమిస్తున్న నార్వల్ రాత్రికి రాత్రి భర్తా, వీరుడూ అయిపోతాడు. ఒక్క ఆడపిల్ల పుట్టి ఉంటే గవర్నరు ఇంత హడావుడి పడేవాడా?

స్టర్జెస్ ఎగతాళి చేసింది ఆ పరువునే కదా అంటారు. ఒప్పుకుంటాను. నేనూ నవ్వాను. నా తగాదా సినిమాతో కంటే, దాన్ని ‘మంచి రోజుల’ జ్ఞాపకంగా దాచుకునే వాళ్ళతో.

ఎందుకంటే, అదే కాలంలో నిజం ట్రూడీలకి జరిగింది వేరు. సైనిక స్థావరాల దగ్గర వ్యభిచారాన్ని నేరం చేస్తూ 1941లో మే చట్టం వచ్చింది. సైనికులతో తిరిగే అమ్మాయిలకి ‘విక్టరీ గర్ల్స్’ అని పేరుపెట్టారు. అనుమానం వస్తే చాలు, పట్టుకెళ్ళి బలవంతంగా సుఖవ్యాధుల పరీక్షలు చేశారు, నిర్బంధించారు. అదే సైనికుడికి మాత్రం రక్షణ సాధనాలు ప్రభుత్వమే ఇచ్చింది!

పనిచేసే తల్లుల కోసం లాన్‌హామ్ చట్టం కింద ఫెడరల్ నిధులతో తెరిచిన శిశు సంరక్షణ కేంద్రాల సంగతీ ఈ జ్ఞాపకాల్లో ఉండదు. యుద్ధం ముగిసింది, స్త్రీల శ్రమతో అవసరం తీరింది, 1946లో ఆ నిధులు ఆగిపోయాయి. చాలాచోట్ల కేంద్రాలు మూతపడ్డాయి. తల్లులు గట్టిగా నిలబడి అడిగిన కాలిఫోర్నియాలో మాత్రం రాష్ట్ర ప్రభుత్వం డబ్బిచ్చి వాటిని నడపక తప్పలేదు.