పదో తరగతి తరువాతి వారం రోజులు

పదో తరగతి ఫలితాలు వెలువడిన వారం రోజుల్లో మన ఇళ్లలో ఒక నిర్ణయం జరిగిపోతుంది. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు? బంధువుల మాట, బస్సు సౌకర్యం, ఫీజు, ఈ మూడే దానిని తేల్చేస్తాయి. పిల్లల అభిరుచిని అడిగేవారు అరుదు.

ఉద్యోగ విరమణ తరువాత కామారెడ్డిలో పిల్లల ప్రవేశ దరఖాస్తులు నింపిపెట్టడం నాకు అలవాటైంది. కిందటేడు ఎల్లారెడ్డి వైపు నుంచి ఒక తండ్రి కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. కెమిస్ట్రీతో బీఎస్సీ చేసి, మందుల కంపెనీలో నాణ్యతా పరీక్షల విభాగంలో చేరాలని ఆ అమ్మాయి కోరిక. పదో తరగతి సైన్సులో మంచి మార్కులే ఉన్నాయి. కాని ఇంటర్ మెమోలో సీఈసీ. "ఇంటికి దగ్గర కాలేజీలో అదే ఉంది భాయ్‌సాబ్, ఆడపిల్ల కదా" అన్నాడు తండ్రి. 'దోస్త్'లో ఎంత వెతికినా ఆమె కోరిన సీటుకు దారి లేదు. ఆ పిల్ల తల దించుకొని కూర్చున్న తీరు నేటికీ కళ్లముందే ఉంది.

కనుక తల్లిదండ్రులు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఇంటర్ ప్రధాన గ్రూపుల్లో ఎంపీసీ, బైపీసీలలోనే కెమిస్ట్రీ ఉంటుంది. బీఎస్సీ కెమిస్ట్రీకి రెండూ దారులే. అయితే పై చదువుల్లో ఉష్ణగతిక శాస్త్రం, చర్యల వేగాలు, పరమాణు నిర్మాణం అర్థం కావాలంటే సంవర్గమానాలు, కలనగణితం కావాలి. అందుచేత కెమిస్ట్రీలోనే ఎమ్మెస్సీ, పరిశోధన వరకు వెళ్లదలచినవారికి ఎంపీసీ మేలు. వైద్యవిద్యపై కూడా ఆశ ఉన్నవారు బైపీసీ తీసుకోవచ్చు. కాని గణితాన్ని వదలరాదు. బీ ఫార్మసీకి రెండు గ్రూపులవారూ అర్హులే.

"ఉర్దూ మీడియం పిల్లలకు సైన్సు ఎక్కడ వస్తుంది?" అనేవారున్నారు. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రాన్ని ఉర్దూలోనే బోధించింది. అందుకు కావలసిన గ్రంథాలను సిద్ధం చేయడానికే హైదరాబాదులో అనువాద సంస్థ వెలసింది. బెర్లిన్‌లో రసాయన శాస్త్రం చదివివచ్చిన ఖ్వాజా అబ్దుల్ హమీద్ 1935లో సిప్లాను స్థాపించారు. ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు.

ప్రభుత్వానికీ బాధ్యత ఉంది. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు వేలాది పేద పిల్లలకు ఆసరా అయ్యాయి. వాటి జూనియర్ కళాశాలల్లో సైన్సు గ్రూపులు, పనిచేసే ప్రయోగశాలలు బాలికలకు అందుబాటు దూరంలో ఉండాలి. ఎల్లారెడ్డి వంటి చోట్ల నుంచి కామారెడ్డికి చదువుకు వచ్చే ఆడపిల్లలకు కళాశాల వేళలకు బస్సులు, సురక్షితమైన వసతిగృహాలు కావాలి. ఇది దయ కాదు, హక్కు.

మసీదు కమిటీలకు నా విన్నపం: ఫలితాలు వచ్చాక కాదు, పదో తరగతి పరీక్షలు ముగియగానే ఒక శుక్రవారం నమాజు తరువాత తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఒక సైన్సు ఉపాధ్యాయునితో గ్రూపుల గురించి చెప్పించండి. తల్లులకూ చోటివ్వండి. ఒక్క గంట చాలు. ఆ గంట దొరకనందుకే ఎల్లారెడ్డి అమ్మాయి రెండేళ్లు పోగొట్టుకుంది.