గళ్ల కిల్టూ... నాన్న ప్యాంటూ

మొన్న జూన్‌లో గ్లాస్గో ఎయిర్‌పోర్టులో, అరవై నాలుగేళ్ల వయసులో, మోకాళ్లు బయటపెట్టుకుని క్యూలో నిలబడ్డాను. ఒంటి మీద ఎనిమిది గజాల ఉన్ని బట్ట. ముందువైపు గొలుసుకి వేలాడే తోలు సంచి. మోకాళ్ల కిందిదాకా మందపాటి మేజోళ్లు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ నవ్వలేదు. నవ్వింది మా ఆవిడొక్కతే. "మీ గళ్ల లుంగీకి ఇస్త్రీ చేయించినట్టుందండీ!" అంది.

ఇదంతా నా నోటి దూల వల్ల వచ్చిన తంటా. మా అమ్మాయి స్కాట్లండ్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడి అబ్బాయినే ఇష్టపడిన సంగతి ఇదివరకే మీతో చెప్పుకున్నాను కదా. ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మన పద్ధతిలో పెళ్లి చేశాం. మా వియ్యంకుడు పట్టుపంచె కట్టుకుని మూడు గంటలు కదలకుండా కూర్చున్నాడు. ఆ సంబరంలో నేను, "బావగారూ, మీ ఊళ్లో చేసే పెళ్లికి నేను మీ కిల్ట్ కట్టుకుంటాను" అనేశాను. ఆయన మర్చిపోలేదు. నడుం కొలత పంపమని వారానికోసారి గుర్తుచేశాడు.

వాళ్లది స్కాట్లండ్‌కి వాయవ్యాన ఉన్న లూయిస్ అనే దీవి. ఊరు స్టోర్నోవే. గ్లాస్గో నుంచి విమానంలో గంట ప్రయాణం. "కిల్ట్ సూట్‌కేసులో పెట్టుకుని, అక్కడికెళ్లి కట్టుకుంటాను బావగారూ" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "కుచ్చిళ్లు నలుగుతాయి, బరువు కూడానూ. దీన్ని మొయ్యకూడదు, కట్టుకుపోవాలి" అన్నాడు.

కుచ్చిళ్లు అంటే మామూలు కుచ్చిళ్లు కావు. మా నాయనమ్మ మడిచీర తొమ్మిది గజాలు. దీనికి ఒక్క గజమే తక్కువ. మనకి కుచ్చిళ్లు ముందుంటే వాళ్లకి వెనకుంటాయి. ముందు సాదాగా రెండు పొరలు. పై పొరకి ఒక పెద్ద పిన్ను. కిల్ట్‌కి జేబులుండవు కాబట్టి స్పోరన్ అనే ఆ తోలు సంచి. ఇవి కాక కుడి మేజోడులో పిడి మాత్రం కనబడేలా దోపుకునే చిన్న కత్తి. దాని పేరు స్కీన్ డూ. వాళ్ల గేలిక్ భాషలో నల్లకత్తి అని అర్థం.

బయలుదేరే ముందు రోజు రాత్రి వియ్యంకుడు ఆ కత్తిని పాత గుడ్డలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. "మా నాన్నది. ఓడల్లో పనిచేసినన్నాళ్లూ జాగ్రత్త చేసుకున్నాడు. పెళ్లిలో మీరు పెట్టుకోండి" అన్నాడు. తర్వాత రెండుసార్లు చెప్పాడు. "ఇది మాత్రం లగేజీలో వెయ్యండి. వీధిలో ఉంటే జాతీయ దుస్తుల్లో భాగమని 1995 నాటి ఇక్కడి చట్టం మన్నిస్తుంది. విమానంలోకి మాత్రం రానివ్వరు" అని.

తలూపాను. తెల్లారి అద్దం ముందు నిలబడ్డాక, అంతా బాగానే ఉంది గానీ కుడికాలు బోసిగా అనిపించింది. ఒక్క ఫొటో కోసమని కత్తి మేజోడులో దోపాను. ఫొటో దిగాను. ట్యాక్సీ వచ్చింది. ఇక చెప్పాలా?

సెక్యూరిటీ దగ్గర స్పోరన్, పిన్ను, బెల్టు ట్రేలో పెట్టమన్నారు. బెల్టు తీయమనగానే గుండె గుభేల్‌మంది. బెల్టు తీస్తే పంచె ఏమవుతుందో తెలిసినవాణ్ణి కదా! రెండు చేతులతో నడుం పట్టుకున్నాను. వెనకనుంచి వియ్యంకుడు, "వదలండి బావగారూ, అది అలంకారానికే. కిల్ట్‌ని పట్టి ఉంచేవి పక్కనున్న తోలు పట్టీలు" అన్నాడు. భయంభయంగా వదిలాను. కిల్ట్ నిలిచింది.

మెషీన్ మాత్రం కుయ్యిమంది. పట్టీలకున్న బకిల్సు అనుకున్నాను. వియ్యంకుడి బకిల్సుకీ అలాగే మోగితే, ఒక నిమిషం తడిమి పంపేశారు. నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు. "సార్, ఇక్కడ చెయ్యి వేస్తాను, ఫరవాలేదా? కావాలంటే పక్కగదిలోకి వెళ్దాం" అని ప్రతిసారీ అడిగి మరీ చూశాడు. నడుం అయింది, వెనక కుచ్చిళ్లు అయ్యాయి. చెయ్యి కుడి మేజోడు దగ్గర ఆగింది.

"సార్, ఇదేమిటో మీకు తెలుసా?"

నాకు నోట మాట రాలేదు. వాళ్ల పైఅధికారిణి వచ్చింది. కత్తి ఎవరిదని అడిగింది. "మా వియ్యంకుడి నాన్నగారిది" అన్నాను. దాన్ని లోపలికి తీసుకెళ్లడానికి వీల్లేదని, ఇక్కడ వదిలేస్తే తిరిగి ఇవ్వరని చెప్పింది. అప్పటికే అవతలికి వెళ్లిన వియ్యంకుడు ఇది చూశాడు. పొద్దుట్నుంచీ జోకులు వేస్తున్న మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. అరిచినా బాగుండేది.

విమానానికి నలభై నిమిషాలుంది. ఆ అధికారిణి గడియారం చూసుకుని, "వెనక్కెళ్లి లగేజీలో వేయించుకోండి, మీ అదృష్టం" అంది. ఒక మనిషిని తోడిచ్చింది. వియ్యంకుడు కూడా బయటికి వచ్చేశాడు. కౌంటర్లో అమ్మాయి చిన్న అట్టపెట్టె వెతికి, కత్తిని గుడ్డలో చుట్టి, టేపు వేసి, ట్యాగు కట్టి పంపింది. ఆ తర్వాత కిల్టులు ఎగరేసుకుంటూ ఇద్దరు ముసలాళ్లు పరిగెత్తడం ఆ ఎయిర్‌పోర్టంతా చూసింది. మళ్లీ అదే క్యూ, అదే ట్రే, అదే కుర్రాడు. "ఈసారి ఏం లేవు కదా సార్?" అన్నాడు.

విమానం ఎక్కి కూర్చున్నాక, ఆయాసం తీరాక, నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

1991లో నాన్నకి కంటి ఆపరేషన్‌కని బేగంపేట ఎయిర్‌పోర్టు నుంచి మద్రాసు తీసుకెళ్లాను. ఇద్దరికీ అదే మొదటి విమానం. నాన్న పుట్టి బుద్ధెరిగాక పంచె తప్ప కట్టలేదు. నేను ముందే టైలర్‌ని పిలిచి ఆయనకొక ప్యాంటు కుట్టించాను. "అక్కడ చెకింగ్ ఉంటుంది నాన్నా, పంచెతో ఒప్పుకోరు" అన్నాను. అబద్ధం. అలాంటి రూలేమీ లేదని నాకు తెలుసు. కొత్తగా ఆఫీసరునయ్యాను. సూట్లు వేసుకున్నవాళ్ల మధ్య పంచెకట్టుతో నాన్న పక్కన నిలబడటానికి సిగ్గేసింది, అంతే.

ఆయన నమ్మాడు. "రూలంటే రూలే కదరా" అని ప్యాంటు వేసుకున్నాడు. అలవాటు లేక, జారిపోతుందేమోనని మద్రాసుదాకా ఎడంచేత్తో నడుం పట్టుకునే ఉన్నాడు. పొద్దున నేను బెల్టు తీసి పట్టుకున్నట్టే. నాన్న ఆ ప్యాంటు మళ్లీ ముట్టుకోలేదు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో దొరికింది, మడత నలగకుండా.

ఈ సంగతి వియ్యంకుడికి చెప్పాను. ఆయన కాసేపు కిటికీలోకి చూసి, తమ కథ చెప్పాడు. 1746లో బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసి, కొండ ప్రాంతాల మగవాళ్లు ఈ దుస్తులు వేసుకోవడాన్ని నిషేధించిందట. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు. రెండోసారైతే ఏడేళ్లు సముద్రాల అవతలికి తరిమెయ్యడం. 1782లో గానీ ఆ చట్టం రద్దవలేదు. "అందుకే మేం దీన్ని ఎక్కడికైనా కట్టుకుపోతాం. ఎవరు నవ్వినా పట్టించుకోం" అన్నాడు.

వాళ్ల చేత బట్ట మాన్పించడానికి ఒక రాజ్యం, ఒక చట్టం, జైళ్లు కావలసి వచ్చాయి. మా నాన్న చేత మాన్పించడానికి కన్నకొడుకు చెప్పిన ఒక్క అబద్ధం సరిపోయింది.

పొద్దున ఆ కుర్రాడు నా బట్టల గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అతనికి కావలసింది కత్తి. బేగంపేటలో అయినా అంతే కదా? పంచెలో నాన్నని చూస్తే చేత్తో తడిమి, "వెళ్లండి పెద్దాయనా" అని ఉండేవారు.

స్టోర్నోవేలో దిగి అట్టపెట్టె విప్పాం. కత్తి భద్రంగా ఉంది. మర్నాడు పెళ్లికి ముందు వియ్యంకుడే వంగి దాన్ని నా మేజోడులో దోపాడు. "ఫొటో అయ్యాక నాకివ్వండి బావగారూ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వచ్చే నెల ఇంటికి తిరుగు ప్రయాణం. గ్లాస్గోలో ఎక్కడం దగ్గర్నుంచి హైదరాబాద్‌లో దిగేదాకా పంచె కట్టుకునే వస్తానని మా ఆవిడకి చెప్పాను. ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. ఒక నిమిషం నా మొహంలోకి చూసింది.

"కట్టుకోండి. మావయ్యగారుంటే సంతోషించేవారు" అంది. తర్వాత గుమ్మందాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "బెల్టు మాత్రం తీయిస్తారు. లోపల నిక్కరు మర్చిపోకండి."