ఎవరు తింటారని వేశావు?

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున మా వారు కాఫీ గ్లాసు పట్టుకుని డాబా మీదకి వచ్చారు. వారానికోసారి అలా వచ్చి మొక్కల్ని చూసి వెళ్ళడం ఆయనకి అలవాటు. టమాటా దగ్గర ఆగి "బాగా కాసిందే" అన్నారు. గోంగూర చూసి "రేపు పచ్చడి చెయ్యి" అన్నారు. పచ్చిమిర్చి చూసి తలాడించారు. చివర్న పిట్టగోడ పక్కన రెండు పాత పెయింటు బకెట్ల దగ్గరకొచ్చి ఆగారు.

"ఇవేంటి, ఆవాల మొక్కలా?"

"ముల్లంగి."

"ముల్లంగా! మనింట్లో ఎవరు తింటారని వేశావు?"

"నేను తింటాను."

"నువ్వొక్కదానివేనా?" అని నవ్వేసి కిందికి వెళ్ళిపోయారు.

ఆయన కోపంగా అనలేదు. పీకేయమనీ అనలేదు. కానీ ఆ మాట నాకు రోజంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మా ఇంట్లో ఐదుగురం. ఆయన, అత్తయ్య గారు, అమ్మాయి, అబ్బాయి, నేను. "మనింట్లో ఎవరు తింటారు" అన్నప్పుడు ఆ "ఎవరు"లో నేను లెక్కకి రాలేదు. నేను చెప్పాక కూడా "ఒక్కదానివేనా" అయింది తప్ప "ఓహో, నీకిష్టమా" అవలేదు. పెళ్ళై ఇరవై రెండేళ్ళు.

తప్పంతా ఆయన మీద తోసేస్తే అబద్ధమాడినట్టే. ఈ ఇరవై రెండేళ్ళలో నాకు ముల్లంగి ఇష్టమని నేనూ ఎప్పుడూ చెప్పలేదు. మా పుట్టిల్లు చిత్తూరు వైపు. తమిళనాడు గాలి తగిలే ఊళ్ళు అవి. అక్కడ ముల్లంగి సాంబారు వారంలో ఒక్కసారైనా ఉండాల్సిందే. అమ్మ చిన్నుల్లిపాయలు, ముల్లంగి చక్రాలు నూనెలో మగ్గబెట్టి సాంబారులో వేస్తే వీధి చివరికి తెలిసేది ఆ రోజు మా ఇంట్లో కూరేమిటో. లేత ఆకుల్ని పెసరపప్పుతో కలిపి పొడికూర చేసేది. కాకినాడ కోడలిగా వచ్చిన కొత్తల్లో ఒకసారి నేనూ చేశాను. "ఇల్లంతా ఏదో వాసనమ్మా" అన్నారు అత్తయ్య గారు, మెల్లగానే. మా వారు కిటికీలు తెరిచారు. అంతే. మళ్ళీ వండలేదు. మార్కెట్లో ముల్లంగి కట్టల ముందు నుంచి ఇరవయ్యేళ్ళు తల తిప్పుకుని నడిచాను.

చూడండి, నన్నెవరూ వద్దనలేదు. నన్ను భయపెట్టేది అదే. వద్దంటే పోట్లాడేదాన్నేమో. వద్దనకుండానే మానేశాను, మానేశానన్న సంగతి కూడా మర్చిపోయాను.

ఇక వాసన సంగతి. ముల్లంగికి వాసన ఉంది, లేదని బుకాయించను. ఆవాలు, క్యాబేజీ, ముల్లంగి అన్నీ ఒకే కుటుంబం. వీటిలో గంధకం కలిసిన పదార్థాలు ఉంటాయి, కోసినా ఉడికించినా బయటపడతాయి. కానీ మా ఇంట్లో ఎండు రొయ్యలు వేయించిన రోజు వాసన రాదా? మూడిళ్ళ అవతలికి వస్తుంది. మా వారికి అవి ప్రాణం. ఆ రోజు ఎవరూ కిటికీల గురించి మాట్లాడరు, "ఏం వాసనే!" అని లొట్టలేస్తారు. నేనూ ఇష్టంగానే వేయిస్తాను. నా ప్రశ్న ఒక్కటే: ఇంటాయన ఇష్టం ఘుమఘుమ ఎలా అయింది, ఇల్లాలి ఇష్టం కంపు ఎలా అయింది? ముక్కులు మారలేదు కదా.

మా అబ్బాయి ఒకసారి ముల్లంగి కోస్తుంటే "అమ్మా, గ్యాస్ లీకవుతోందా?" అన్నాడు. నవ్వాను. తర్వాత వాడి కెమిస్ట్రీ పుస్తకం తెరిచి "మూలకం" అన్న మాట చూపించాను. "ఒరేయ్, సంస్కృతంలో మూలకం అంటే ముల్లంగిరా" అన్నాను. వాడు నమ్మలేదు. నా బి.ఏ. తెలుగు ఆ రోజుకి అలా పనికొచ్చింది.

ఇంట్లో వాళ్ళ సంగతి అలా ఉంచండి. నాకు అసలు కోపం తెప్పించింది మన ఆడవాళ్ళే. మొక్కలు పెంచే స్నేహితురాళ్ళకి ఈ సంగతి చెబితే ఒకావిడ "ఆ బకెట్లలో రెండు వంగ మొక్కలు వేసుకుంటే ఇంటిల్లిపాదీ తింటారు కదండీ, వేస్టు కదా" అంది. ఇంకొకావిడ "మనకోసం మళ్ళీ వేరే కూరా, ఎందుకొచ్చిన తిప్పలు" అంది. మిద్దెతోట వీడియోలు చూడండి, పాట అదే. పిల్లలు ఇష్టపడేవి వెయ్యండి, మీ వారి చేత శభాష్ అనిపించుకోండి. మట్టి మోసేది మనం, ఎరువు కలిపేది మనం, ఎండలో నీళ్ళు పోసేది మనం. ఏం వెయ్యాలో మాత్రం వాళ్ళ నాలుకలు చెప్పాలి.

సరే, "వేస్టు" అన్నారు కాబట్టి లెక్క చూద్దాం.

ముల్లంగి కూరగాయల్లో తొందరగా చేతికొచ్చే పంట. నేను వేసింది పూసా చేత్కి, తెల్లది. నలభై, నలభై ఐదు రోజుల్లో దుంప తయారు. ఇది వేడిని కూడా తట్టుకునే రకం కాబట్టి మన కోస్తా వాళ్ళకి అనువు. పూసా హిమానీ లాంటివి చలికాలానికే బాగుంటాయి. నేను దసరా వెళ్ళాక ఖాళీ అయిన బకెట్లలోనే వేశాను. టమాటా తొట్టినీ, గోంగూర మడినీ కదపలేదు. వంగ మొక్క వేస్తే నెలల తరబడి బకెట్ దానిదే. ముల్లంగి నెలన్నరలో లేచిపోయి చోటు ఖాళీ చేస్తుంది. ఇక ఎవరి నోటి దగ్గర కూడు లాక్కున్నాను?

పని ఎంతంటారా? విత్తనం అరంగుళం లోతున నేరుగా బకెట్లోనే నాటాలి. నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. మొక్కకీ మొక్కకీ నాలుగంగుళాలు ఉండేలా పలచన చెయ్యాలి, పీకిన లేత మొక్కలు పప్పులోకి. ఆ తర్వాత రోజూ నీళ్ళు, అంతే. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది, ఆ పని చేసేవాళ్ళలోనే సుమా. నా 289లో ముల్లంగికి పోయేది పది నిమిషాలు. ఆ పదీ వేస్టా?

మొదటిసారే బాగా వచ్చిందనుకోకండి. అంతకు ముందటేడు కూడా ఎవరికీ చెప్పకుండా ఓ తొట్టిలో వేశాను. దొంగతనం చేసినట్టు, వాటర్ ట్యాంకు వెనక నీడలో! చెయ్యి మూరెడు ఆకు పెరిగింది, కింద దుంప చిటికెన వేలంత. ఎండ చాలలేదు, పైగా బలం కోసమని ఎరువు దండిగా పోశాను. నత్రజని ఎక్కువైతే ముల్లంగి ఆకుకే పోతుంది. రెండోసారి వేరేచోట నారు పోసి, పీకి నాటాను. దుంపలు రెండు కాళ్ళు, మూడు కాళ్ళు వేసి వంకర్లు తిరిగాయి. ముల్లంగిలో మనం తినేది వేరే కదా, మొదట్లో ఆ వేరు కదిలితే ఇక సూటిగా దిగదు. మట్టిలో రాళ్ళున్నా, మాగని పేడ ఉన్నా అదే తంతు.

ఈసారి అడుగు లోతున్న బకెట్లు తీసుకుని, అడుగున చిల్లులు పెట్టి, జల్లించిన ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నింపాను. వాటిని ట్యాంకు వెనక నుంచి తెచ్చి అందరికీ కనబడేలా పిట్టగోడ పక్కన పెట్టాను, అక్కడ ఎండ పడుతుంది. అక్కడ పెట్టాను కాబట్టే మా వారి కంట పడ్డాయి, ఈ గొడవంతా వచ్చింది. రానివ్వండి. మొక్కకైనా మనిషికైనా ట్యాంకు వెనక నీడలో దుంప ఊరదు.

ఇంకో మాట. ముల్లంగిని టైముకి పీకాలి. "ఇంకొన్నాళ్ళు ఉంచితే ఇంకాస్త లావవుతుంది" అని ఆగితే లోపల బెండుబారిపోతుంది, నములుతుంటే దూది నమిలినట్టే. మనమూ మన ఇష్టాల్ని అలాగే కదా వాయిదా వేసేది? పిల్లల చదువులయ్యాక, లోను తీరాక, అబ్బాయి ఉద్యోగంలో చేరాక. అప్పటికి పళ్ళూ ఉండవు, ఆ రుచి మీద ఆశా ఉండదు.

"వేరే కూర వండుకోవడం అదనపు పని కదా" అన్న మాటలో మాత్రం నిజం ఉంది. రోజూ రెండు కూరలు చెయ్యమని నేనూ చెప్పను. లేత దుంప చెక్కు తీసేస్తే ఘాటు చాలా వరకు తగ్గుతుంది, ఘాటంతా ఎక్కువగా ఆ చెక్కులోనే. దాన్ని తురిమి, పెరుగులో కలిపి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెడితే ఐదు నిమిషాల్లో పచ్చడి. పొయ్యి మీద ఉడికేది లేదు కాబట్టి వాసనా తక్కువే. సాంబారు మాత్రం నెలకి రెండుసార్లు పూర్తిగా నా కోసం చేసుకుంటున్నాను, కిటికీలు నేనే తెరిచి.

అత్తయ్య గారు మొన్న "మాఘమాసంలో ముల్లంగి తినకూడదు, తెలుసుగా" అన్నారు. తెలుసండీ, మా అమ్మా మానేసేది. కార్తీకంలో వేస్తే పుష్యంలోగా పంట అయిపోతుంది, మాఘం వచ్చేసరికి బకెట్లు ఖాళీ. పెద్దలు ఒక నెల వద్దన్నారంటే మిగతా పదకొండు నెలలూ తినమన్నట్టేగా అన్నాను. ఆవిడ నవ్వారు. నవ్వి, కాసేపాగి, "నాకు పొట్లకాయంటే ఇష్టం ఉండేది, మీ మామయ్య గారికి గిట్టేది కాదు" అన్నారు. డెబ్బై ఆరేళ్ళావిడ. ఆ మాట ఆ ఇంట్లో మొదటిసారి వినబడింది. నేనేమీ అనలేకపోయాను.

ఎందుకింత రాద్ధాంతం, ఒక దుంప కోసం అంటారా? మొన్న వేసవిలో మా పిన్ని ఊరినుంచి వచ్చింది. వంటింట్లో మా అమ్మాయిని "ఇవాళ మీ అమ్మకిష్టమైంది చేద్దామే, ఏమిటి చెప్పు" అని అడిగింది. పిల్ల ఆలోచించింది. నాన్నకేం ఇష్టమో, తమ్ముడికేం ఇష్టమో, నాయనమ్మ ఏం తినదో గడగడా చెప్పగల పిల్ల అది. చివరికి "అమ్మకి అన్నీ ఇష్టమే అమ్మమ్మా" అంది. పొగడ్తలాగే అంది. పక్క గదిలో బట్టలు మడతపెడుతూ విన్నాను. అన్నీ ఇష్టమైన మనిషంటే ఏ ఇష్టమూ లేని మనిషన్నమాట. రేపు ఆ పిల్ల ఇంకో ఇంటికి వెళ్ళి అదే పాఠం అప్పజెబుతుంది, నేను నేర్పిందే.

అందుకే నాకు ఆ రెండు బకెట్లు కావాలి. మిగిలిపోయిన కూర, మాడిన అట్టు, నిన్నటి అన్నం మనం తింటే అది పొదుపు. మనకి ఇష్టమైనది ఒక బకెట్లో పెంచుకుంటే అది వేస్టు. ఈ లెక్క ఎవరు రాశారో గానీ, ఇన్నాళ్ళూ దాన్ని తలకెత్తుకుని మోసింది మనం. ఇంట్లో వాళ్ళు ముల్లంగి తినాలని నేను అడగడం లేదు. ఇష్టం లేనిది ఎవరూ తినక్కర్లేదు. ఇష్టమైనది నేను ఎందుకు మానాలి అంటున్నాను, అంతే.

మా వారు ఇప్పటికీ తినరు. సాంబారు చేసిన రోజు హాల్లో ఫ్యాను స్పీడు పెంచుకుంటారు. ఆయన ఇష్టం. పోయిన వారం నర్సరీకి వెళ్తూ "నీకు ఆ ముల్లంగి విత్తనాలు కావాలా?" అని మాత్రం అడిగారు. తెమ్మన్నాను. అత్తయ్య గారికి పొట్ల విత్తనాలు కూడా తెమ్మన్నాను.

మీ ఇంట్లో మీ "ముల్లంగి" ఏమిటి? కాకరకాయా, చేమదుంపా, పనసపొట్టా? ఎన్నేళ్ళైంది తిని? కింద రాయండి. రాసే ముందు ఒక పాత బకెట్ వెతికి చిల్లులు పెట్టండి. ట్యాంకు వెనక మాత్రం పెట్టకండి.