పిల్లలకు నినాదాలు చాలు, మీటరు చూపించండి

ఈసారి కూడా పోస్టు పొడుగే. ఓపిక ఉన్నవాళ్లు చదవండి, లేనివాళ్లు తిట్టుకోకుండా దాటేయండి.

డిసెంబరు 14న ఇంధన పొదుపు దినమని మన సంఘం ఒక బడి పిల్లలకు డ్రాయింగు పోటీ పెట్టింది కదా. మూడు, నాలుగు తరగతుల పిల్లలు. నలభై బొమ్మలు దాకా వచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే: ఏడ్చే భూగోళం, నవ్వే బల్బు, కింద 'విద్యుత్ ఉళిసి'. ఎవరో బోర్డు మీద వేసింది చూసి దించారని చూడగానే తెలుస్తుంది. ఒక్క బొమ్మలో కూడా సోలారు ప్లేటు లేదు. పావగడ తాలూకాలో!

తిరుమణి, వళ్లూరు, బళసముద్ర, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ ఐదు ఊళ్ల చుట్టూ పదమూడు వేల ఎకరాల్లో పరుచుకున్న 2050 మెగావాట్ల పార్కు అది. 2018 మార్చిలో ముఖ్యమంత్రి వచ్చి ప్రారంభించారు, మరుసటి సంవత్సరం చివరికి పూర్తయింది. దేశం నలుమూలల నుంచి వచ్చి ఫోటోలు తీసుకుని పోతున్నారు. ఇక్కడి పిల్లకు మాత్రం కరెంటు అంటే నవ్వే బల్బు!

తప్పు పిల్లలది కాదు. మనది. నాది కూడా, ఆ రోజు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాణ్ని నేనే.

ఇంటికొచ్చి లెక్క వేశాను. గుమాస్తా బుద్ధి పోదు కదా. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక గంట ఆర్పితే 9 వాట్-అవర్లు మిగులుతాయి. యూనిట్టు అంటే వెయ్యి. అంటే నూట పదకొండు ఇళ్లవాళ్లు తలా ఒక బల్బు గంటసేపు ఆర్పితే ఒక్క యూనిట్టు. మన బహుమతుల సభకు 500 వాట్ల హాలోజన్ లైట్లు నాలుగు, మూడు గంటలు వెలిగాయి. ఆరు యూనిట్లు. ఆరు వందల అరవై ఆరు ఇళ్ల పిల్లలు గంటసేపు చీకట్లో కూర్చుని మిగిల్చేదాన్ని, వాళ్లకు పొదుపు నేర్పే సభలోనే మనం తగలేశాం. ఇంకోవైపు చూడండి. పార్కు నిండుగా పనిచేసే ఒక గంటలో ఇరవై లక్షల యాభై వేల యూనిట్లు. నెలకు యాభై యూనిట్లు వాడే ఇల్లయితే నలభై ఒక్క వేల ఇళ్లకు నెలంతా సరిపోతుంది.

'చిన్నప్పుడే మంచి అలవాటు చేస్తే తప్పేంటి సార్?' అని ఒక మిత్రుడు అడిగాడు. అలవాటు మంచిదే, కాదనను. కానీ ఎవరికి నేర్పుతున్నాం? రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇంటి పిల్లకు. గృహజ్యోతి వచ్చాక ఆ ఇంటికి బిల్లే సున్నా. ఆర్పితే డబ్బు మిగులుతుందని పాఠం చెబితే, ఇంట్లో బిల్లు కాగితం చూసి ఆ పిల్ల మనల్ని అబద్ధాలకోరులనుకుంటుంది. ఏసీలు, గీజర్లు ఉన్న మన ఇళ్లలో ఏ పోటీ పెట్టారు?

అసలు చెప్పవలసింది వేరే ఉంది. సోలారు పగటి కరెంటు. పొద్దు వాలితే పార్కు పడుకుంటుంది. సాయంత్రం ఆరు తర్వాత ఆ పిల్ల పుస్తకం మీద పడే వెలుగు రాయచూరు బొగ్గుదో, శరావతి నీళ్లదో కావచ్చు. కాబట్టి 'కరెంటు ఆదా చేయండి' అని ఊరికే అంటే సగం పాఠమే. ఏ వేళ ఆదా చేయాలి? మిక్సీ, ఇస్త్రీ, నీళ్ల మోటరు మధ్యాహ్నం వేసుకోండి, సాయంత్రం ఆరు నుంచి పది దాకా తగ్గించండి అని చెప్పాలి. ఇది నాలుగో తరగతి పిల్లకు అర్థం కాదా? పొద్దు ఎప్పుడు మునుగుతుందో ఆ పిల్లకు మనకంటే బాగా తెలుసు.

ఇంకోటి. ఆ భూమి కొన్నది కాదు, రైతుల దగ్గర గుత్తకు తీసుకున్నది. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలైంది. కరువు తాలూకాలో అది చిన్న మాట కాదు, ఒప్పుకుంటాను. కానీ భూమి లేని కూలివాడికి గుత్త రాదు. గొర్రెలు మేపుకునేవాడికి బీడు పోయింది. ఆ ఇళ్ల ఆడవాళ్లు కొందరు ఇప్పుడు అక్కడే ప్లేట్లు కడుగుతున్నారు, గడ్డి కోస్తున్నారు. కరెంటు ఎవరి భూమి మీద నుంచి, ఎవరి చేతుల మీదుగా వస్తుందో ఆ పాఠంలో ఉండొద్దా? తల్లి చేసే పని బడిలో పాఠమైతే ఆ పిల్ల తల ఎత్తుకుని కూర్చుంటుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. నేను హోసూరు పక్క తెలుగింట్లో పుట్టి తమిళ మీడియంలో చదివినవాణ్ని. బళ్లో 'ఆట్రల్' అని నిర్వచనం బట్టీపట్టాను, మార్కులొచ్చాయి. ఇంట్లో కరెంటు పోయినప్పుడు పోయింది అదేనని చాలా ఏళ్లు తెలియలేదు. ఇక్కడి పిల్లలదీ అదే కథ, ఇంట్లో తెలుగు, పుస్తకంలో కన్నడం. కన్నడం బాగా నేర్వాలి, అందులో రెండో మాట లేదు. కానీ 'విద్యుత్' అంటే మన ఇంటి గోడ మీది మీటరులో తిరిగేదే అని ఒకసారి తెలుగులో చెబితే ఏ భాషకూ నష్టం లేదు.

ఆ మీటరు దగ్గరికే తీసుకెళ్లండి. ఎర్ర దీపం మినుకుమంటుంది. ఎన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్టో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. ఫ్యాను వేసి లెక్కపెట్టమనండి, ఆపి మళ్లీ లెక్కపెట్టమనండి. గుణకారం, భాగహారం రెండూ వచ్చేస్తాయి. ప్లగ్గులో పెట్టి వాట్లు చూసే చిన్న మీటర్లు కూడా దొరుకుతున్నాయి.

వచ్చే నెల మీటింగులో మూడు సంగతులు పెడుతున్నాను. ఒకటి, వచ్చే ఏడాది బహుమతుల సభ మధ్యాహ్నమే, హాలోజన్లు లేకుండా. రెండు, పోటీ బొమ్మలకు కాదు, వారం రోజుల మీటరు రీడింగు రాసిన నోటుబుక్కుకు. మూడు, అనుమతి తీసుకుని పిల్లలను బస్సులో తిరుమణికి తీసుకెళ్లడం. బస్సు ఖర్చులో నా వంతు వెయ్యి రూపాయలు ఇప్పుడే రాసుకోండి. వ్యతిరేకించేవాళ్లు కింద రాయండి, కానీ ముందు మీ ఇంటి పోయిన నెల యూనిట్లు ఎన్నో రాసి తర్వాత రాయండి. మాది 94.