సింకు కొనేముందు అంట్లు తోమేవాళ్ళని అడిగారా?

మా వంటింట్లో కొత్త సింకు పెట్టి నాలుగు నెలలైంది. చూసినవాళ్ళందరూ "అబ్బ, ఎంత బావుందో!" అన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా అందులో గిన్నె కడగలేదు లెండి.

ఎలా కొన్నామో చెప్తాను. ఒక ఆదివారం మావారూ, మా అబ్బాయీ ఫోన్‌లో వీడియోలు చూసి, షాపుకెళ్ళి ఆర్డరిచ్చి వచ్చేశారు. నాకు సర్‌ప్రైజ్ అన్నమాట. జలపాతంలా నీళ్ళు పడే ట్యాపు, గ్లాసు బోర్లించి నొక్కితే కింద్నుంచి చిమ్మి కడిగే కప్ వాషర్, సబ్బునీళ్ళ పంపు, చాకులు గుచ్చుకునే అర, పైన జరుపుకునే చెక్క పలక, నీళ్ళ వేడి ఎంతో చూపించే డిజిటల్ డిస్‌ప్లే. ఇన్ని హంగులు చూసుకున్నారు కానీ, ఆ సింకు ముందు రోజూ నిలబడేది ఇద్దరం. నేనూ, అంట్లు తోమడానికి వచ్చే ఆవిడా. మా ఇద్దర్లో ఎవర్నీ ఒక్క మాట అడగలేదు. ప్రేమతోనే కొన్నారు, కాదనను. ఆ ప్రేమ ఒక్క పూట అంట్లు తోమి చూసి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

ముందు కప్ వాషర్ సంగతి. మాది ఐదో అంతస్తు, ఆఖరిది. ట్యాంకు మా నెత్తిమీదే ఉంది కాబట్టి నీళ్ళు ఫోర్సుగా వస్తాయని మావారి లెక్క. అది తిరగేసిన లెక్క. ట్యాంకులో నీళ్ళు ట్యాపు కంటే 10 మీటర్ల ఎత్తున ఉంటే ఒక బార్ ప్రెషర్ వస్తుంది. మాకున్న ఎత్తు మూడు మీటర్లు, మహా అయితే నాలుగు. అంటే అందులో మూడో వంతు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకి చిమ్మే కప్ వాషర్ మాకు నసుగుతుంది. పోనీ ప్రెషర్ పంపు పెట్టించామే అనుకోండి, మజ్జిగ గ్లాసు అంచున ఎండిపోయిన మీగడ నీళ్ళు చిమ్మితే పోతుందా? పీచుతో రుద్దాల్సిందే.

జలపాతం ఇంకా ముచ్చట. వెడల్పుగా పడే నీళ్ళ రేకు గరిటె మీద పడిందంటే సగం నా చీర మీదకే. ఆ డిస్‌ప్లే అయితే మరీనూ, మా వంటింటికి వేడినీళ్ళ కనెక్షనే లేదు! మే నెలలో ట్యాంకు ఎంత కాగిందో చూసుకోవాలంతే. పలక సింకు మీదకి జరిపి కూరలు తరుగుదామంటే కింద గిన్నెలు నిండి ఉంటాయి. చాకుల అరలో ప్రస్తుతం కొవ్వొత్తులున్నాయి.

ఇదంతా నవ్వుకుని వదిలేయొచ్చు. వదిలేయలేనిది వేరే ఉంది. కొత్త సింకు వచ్చిన నెలకి సాయంత్రానికల్లా నా నడుం పట్టేయడం మొదలైంది. వయసు అనుకున్నాను. మనకి ఏ నొప్పి వచ్చినా ముందు వయసునే అంటాం కదా. ఒకరోజు అంట్లు తోమే ఆవిడే అంది, "ఈ తొట్టిలోకి వంగలేకపోతున్నానమ్మా, పాతదే నయం" అని. ఆవిడ రోజుకి నాలుగిళ్ళు చేస్తుంది. అప్పుడు టేపు పెట్టి కొలిచాను. మా గట్టు ఎత్తు 33 అంగుళాలు. సింకు లోతు 10. అంటే అడుగు నేల నుంచి 23 అంగుళాల ఎత్తులో ఉంది. నేను ఐదడుగుల రెండంగుళాలు. నిటారుగా నిలబడి చేతులు కిందకి వదిలేస్తే నా వేళ్ళ చివర్లు వచ్చేది సరిగ్గా అక్కడికే. అంత కిందున్న గిన్నెని, అదీ చేతులు ముందుకి చాపి తోమాలంటే నడుం వంచక ఏం చేస్తాం? పాత సింకు లోతు 7 అంగుళాలే. ఆ మూడంగుళాల తేడా మా ఇద్దరి నడుముల మీద పడింది. లోతుంటే కుక్కరు, ఇడ్లీ పాత్ర పడతాయంటారు. పడతాయి, నిజమే. రోజంతా కడిగేవి కంచాలూ, గ్లాసులూ కదా!

కాబట్టి నా అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చింది ఏ షాపువాడూ చూపించనిది. వీధి చివర వెల్డింగ్ షాపులో మూడంగుళాల కాళ్ళున్న స్టీలు జాలీ ఒకటి చేయించి, కాళ్ళకి రబ్బరు బుష్‌లు వేయించి సింకులో పెట్టాను. గిన్నెలు పైకొచ్చాయి. పెద్ద పాత్ర కడగాలంటే తీసి పక్కన పెడతాం.

మిగతా డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పమంటే, కంటికి కనిపించని చోట పెట్టండి. ఎత్తి తీసే లోతైన జాలీ గిన్నె ఉన్న వేస్ట్ కప్లింగ్ కావాలి. కరివేపాకు, మునక్కాడ పిప్పి, అన్నం మెతుకులు అక్కడే ఆగాలి. దాని కింద ముడతల పైపు వద్దు, ఆ ముడతల్లోనే జిడ్డు పేరుకుంటుంది. బాటిల్ ట్రాప్ పెట్టించండి. అందులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉంటాయి కాబట్టి డ్రైనేజీ వాసన, బొద్దింకలు పైకి రావు. అడుగు భాగం మర తిప్పి కడుక్కోవచ్చు, ప్లంబర్ కోసం మూడు రోజులు ఎదురుచూడక్కర్లేదు. ట్యాపుకి పొడవాటి మెడ ఉండి అటూ ఇటూ తిరగాలి, మూతికి గాలి కలిపే చిన్న జల్లెడ ఉండాలి. నీళ్ళు మెత్తగా పడతాయి, చిందవు. మాలాగా బోరు నీళ్ళయితే దానికి తెల్లటి ఉప్పు పట్టేస్తుంది, నెలకోసారి విప్పి వెనిగర్‌లో నానేయాలి. చేతిలోకి లాక్కునే ట్యాపు కూడా మంచిదే, దాన్ని మాత్రం నేను తిట్టను.

స్టీలు విషయంలో షాపులో అయస్కాంతం పెట్టి "చూడండి మేడమ్, అంటుకోలేదు, అసలు సిసలు 304" అంటారు. చౌకరకం 202 కూడా మామూలుగా అంటుకోదు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, 202లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. తుప్పు తేడా అక్కడుంది. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. గేజ్ నంబరు తగ్గేకొద్దీ రేకు మందం. 16 అంటే మిల్లీమీటరున్నర, 18 అంటే 1.2.

మావాళ్ళని తిట్టాను కానీ, తప్పు మనలోనూ ఉంది. చీర అంచు రంగు కుదరలేదని నాలుగు షాపులు తిరుగుతాం. సింకు దగ్గరికొచ్చేసరికి "మీకు తెలిసిందేదో తీసుకోండి" అనేస్తాం. తర్వాత పదిహేనేళ్ళు దానిముందు వంగి నిలబడతాం. మనమే అడగనప్పుడు, పనికి వచ్చే ఆవిడని "నీకెంత ఎత్తు కావాలమ్మా" అని ఎవరడుగుతారు? ఆవిడ చెప్పేదాకా నేనూ అడగలేదు.

మా చెల్లెలు వచ్చే నెల కొత్త ఫ్లాటులో దిగుతోంది. గట్టు ఎత్తు రాసుకుని, టేపు పట్టుకుని షాపుకి తననే వెళ్ళమన్నాను. వెళ్ళింది. అక్కడ పెట్టిన ప్రతి సింకు ముందూ నిలబడి, ఉత్తినే గిన్నె తోముతున్నట్టు చేతులు ఆడించి చూసిందట. షాపతను నవ్వాడట. నవ్వనీ.